సారె బండి

దొర శశిధర్ రావు ఇంట్లో కూతురి పెళ్లి అయిపోయింది. హైదరాబాదు పోయే సారె సామాను డీసీఎం బండికెక్కించారు. బీరువా ఎక్కింది, ఫ్రిజ్ ఎక్కింది. ఆఖరికి పనిమనిషి బుచ్చి బిడ్డ పూజను ఎక్కించి, ఆ రెంటి నడుమ కూచోబెట్టారు. ఏడో తరగతి పిల్ల.

పెరట్లో బగోనలు తోముతూ బుచ్చి చూసింది. ముచ్చటపడింది. ఊరి చివరిదాకా తిప్పి దించుతారనుకుంది. పొద్దున దొరసాని శ్రీలత పిల్ల కాళ్లకు పసుపు రాయించి కొత్త బట్టలు పెడితే, తమ తండాలో అందరికీ చెప్పుకుని మురిసింది.

పక్కనున్న ముసలి పెంటమ్మ చేతులు ఆగిపోయాయి.

"కాళ్లకు పసుపు పూసిండ్రానే?"

"ఔ అవ్వా. పెద్దోళ్లు, గౌరవిచ్చిండ్రు."

"గౌరవమా పిచ్చిదానా! నన్ను గూడ గిట్లనే పసుపు పూసి, పెద్దదొరసాని పెండ్లికి ఆమెంట ఈ ఇంటికి బండెక్కిచ్చిండ్రు. ఆడబాప అంటరు. బతికినన్నాళ్లు దాసి. మల్ల మా అవ్వ మొకం జూడలే. నేను పండుకునే అర్రకు గొళ్లెం గూడ లేకుండె. ఇగ నువ్వే సమజు చేస్కో."

బుచ్చి బండి దగ్గరికి ఉరికింది.

"దిగు బిడ్డా!"

"యాడీ, దిగితే కొడ్తమన్నరు," అంది పూజ తల్లితో, బిక్కచచ్చి.

శ్రీలత వాకిట్లోకి వచ్చింది. "లొల్లేందే బుచ్చీ? ఇంటి బిడ్డ లెక్క సూసుకుంటం."

"ఇంటి బిడ్డైతే కార్ల కూసోవెట్టు దొరసానీ! బీరువ పక్కపొంటి ఎందుకు కూసోవెడ్తివి?"

"మా తిండి తిని మాకే ఎదురు మాట్లాడ్తవా? పోనియ్ రా బండి!" అని శశిధర్ రావు అరిచాడు.

బుచ్చి టైరు ముందు కూచుంది. ఇంజను గుర్రుమంది. తండా ఆడవాళ్లు గుమిగూడారు.

"దొరతోని మనకెందుకే? రేపు పనికెవలు పిలుస్తరు?" అంది వాళ్లలో శారద.

పెంటమ్మ వంగిన నడుంతో వచ్చి బుచ్చి పక్కన కూలబడింది. "ఆనాడు నా బండికి అడ్డం కూసున్నోళ్లు లేరు. మీరు గూడ నిలబడి సూస్తరానే?"

శారద ఆమె మొహం చూడలేకపోయింది. వచ్చి కూచుంది. వెనక తక్కినవాళ్లంతా. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వస్తున్నా ఒక్కతీ లేవలేదు. షామియానా విప్పుతున్న తండా మనిషి తుల్సీరాం తాళ్లు వదిలేసి బండెక్కి పూజను దించాడు.

"రేపు నా వాకిట్లకు ఎట్ల వస్తరో సూస్త!" అన్నాడు దొర.

"ఎవ్వలం రాము. మీ ఎంగిలి మీరే కడుక్కోండ్రి!" అంది బుచ్చి.

దొర ఫోన్ చేస్తే పోలీసులు వచ్చారు. పిల్లను ఎక్కించినవాళ్లను ఒక్క మాట అడగలేదు. బుచ్చిని, తుల్సీరాంను జీపెక్కించారు.

పెంటమ్మ దొర ఇంట్లోకి పోయి తన బట్టల మూట తెచ్చుకుంది.

"ఎటు పోతున్నవే ముసల్దానా?" అంది శ్రీలత.

పెంటమ్మ తిరిగి చూడలేదు. పూజ చెయ్యి పట్టుకుని జీపు వెనక నడిచింది. ఆ వెనక తండా నడిచింది. ఠాణా గేటు మూసి ఉంది. పెంటమ్మ మూటతోనే దాన్ని దబదబ బాదింది.

"తియ్యి సారూ! బండి ఆపింది వాళ్లిద్దరే గాదు. అందరం ఆపినం. అందర్ని లోపలెయ్యి!"