మంద మొత్తం ముంచాల్సిందే

మనుమరాలు పుట్టి నెల దాటినా గొర్రెల కాపరి వెంకన్న ఆ పిల్లను ఎత్తుకోలేదు. తన ఒంటినిండా గజ్జి. మందు పూస్తే తగ్గేది, మళ్లీ తిరగబెట్టేది. కోదాడ, మిర్యాలగూడ తిరిగి తిరిగి, భార్య ముత్తమ్మను వెంటబెట్టుకుని సూర్యాపేటలో చర్మం డాక్టరు స్వర్ణ దగ్గరికి వచ్చాడు.

"మందు నువ్వొక్కనివే పూసుకున్నవా తాతా?"

"దురద నాకైతే ఇంటోళ్లెందుకు పూసుకుంటరు?"

స్వర్ణ నవ్వింది. ఆమెదీ గొర్రెలు కాసిన ఇల్లే. "మందల ఒక్క గొర్రెకు గజ్జి లేస్తే దాన్నొక్కదాన్నే మందునీళ్లల్ల ముంచుతవా?"

"నేనేమన్న పిచ్చోణ్ణా? మందనంత..." వెంకన్న నాలుక కరుచుకున్నాడు.

ముత్తమ్మ మూతి తిప్పింది. "గొర్లకాడున్న తెలివి ఇంట్ల లేకపాయె!"

ఇంటిల్లిపాదీ ఒకేనాడు మెడ నుంచి అరికాళ్ల దాకా మందు పూసుకున్నారు. పసిదానికి డాక్టరు వేరే మందిచ్చింది. బట్టలు, దుప్పట్లు మరిగే నీళ్లలో వేసి ఎండలో ఆరేశారు. వారానికి మళ్లీ పూసుకున్నారు.

మరుసటి నెల వెంకన్న మనుమరాలిని ఎత్తుకుని పెండ్లికొడుకులా దవాఖానలోకి నడిచాడు.

"మంద మొత్తం ముంచిన డాక్టరమ్మా!"

అంతలోనే పిల్ల అతని అంగీని తడిపేసింది.

"సూడు, ఇది నన్ను మళ్ల ముంచింది!" అని వెంకన్న దవాఖానంతా వినబడేలా నవ్వాడు.