మోడం పట్టిన రోజు మేత

మా నాయన ఐజాక్‌కు ఒకటే పిచ్చి. ఎవరి కడుపూ ఖాళీగా ఉండకూడదు. వీధికుక్క వచ్చి గుమ్మం ముందు నిలబడితే ఆయన కంచంలోని సంగటి సగం దానికే పోతుంది. చిన్నప్పుడు కరువులో చెల్లెలు ఆకలని ఏడిస్తే నీళ్లు తాగించి పడుకోబెట్టేవాడట. ఆ పిల్ల బతకలేదు. ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పాడు. మళ్లీ అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అలాంటి మనిషికి చేపలకు మేత వేసే పని దొరికింది.

ఏళ్ల తరబడి ఎండిపోయిన మా ఊరి చెరువు, కాలువ నీళ్లు వచ్చాకే నిండింది. నిండగానే మా ఊరి ఆసామి విష్ణువర్ధన్ దాన్ని వేలంపాటలో దక్కించుకుని నీళ్ల నడుమ వల పంజరాలు కట్టించాడు. ఇనుప చట్రాలకు వల బిగించి, లోపల జిలేబి చేపపిల్లలను వదిలి పెంచుతారు. అంతవరకు విసురువలతో పరిగెలు, జెల్లలు పట్టి అమ్ముకుంటున్న మా నాయనను ఇక వల వేయొద్దన్నాడు. బదులుగా ఈ పని ఇచ్చాడు. నాకు ఒళ్లు మండింది గానీ నాయన సంతోషపడ్డాడు. పుట్టి తెప్పలో పోయి మేత చల్లుతుంటే చేపలు ఎగబడేవి. "చూడు పాపా, నన్ను గుర్తుపడతాండాయి" అని మురిసిపోయేవాడు. చెప్పినదానికంటే ఎప్పుడూ కాస్త ఎక్కువే వేసేవాడు.

తినగా మిగిలిన మేత, చేపల పెంట అడుక్కు దిగి కుళ్లేవి. మొదట ఎవరికీ తెలియలేదు. మరుసటి ఏడాదికి నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా మారాయి. బర్రెలు మూతి పెట్టి వెనక్కి తిరిగేవి. ఒడ్డున కాలు పెడితే నల్లటి బురద, అందులోంచి మురిగిన గుడ్డు వాసన. మోకాటిలోతు నీళ్లలో నిలబడితే కాళ్లు పొడుస్తూ తిరిగే పరిగెలు కనబడడమే అరుదైపోయింది. అయినా ఊళ్లో ఎవరూ నోరెత్తలేదు. విష్ణువర్ధన్ పండగలకు ఇంటింటికీ చేపలు పంచుతాడు మరి. తేరగా వచ్చింది తిని తేన్చేవాళ్లకు చెరువు సంగతి ఎందుకు?

ఈ ఎండాకాలం నీళ్లు సగానికి పైగా తగ్గి, పంజరాల అడుగులు బురదకు దగ్గరపడ్డాయి. నేనే పోయి చెప్పాను.

"అన్నా, కొన్ని పంజరాలన్నా తీసేయి. చెరువంతా కంపు కొడతాండాది."

"వానొస్తే అంతా సరిపోతాదిలేమ్మా" అన్నాడు, ఫోన్ లోంచి తల ఎత్తకుండానే.

ఆయన కోరుకున్న వానకు ముందు మబ్బులు కమ్మి మోడం పట్టింది. మా ఊళ్లో మోడం పడితే జనం పనులు మానుకుని ఆకాశం చూస్తూ నిలబడతారు. చర్చిలో మేము పాటలు పాడుకున్నాం. విష్ణువర్ధన్ అనంతపురం నుంచి ఫోన్ చేసి, "మోడం ఇడిసేదాకా మేత ఏయొద్దు ఐజాకూ" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. కూలివాడికి కారణం చెప్పే అలవాటు ఎవరికుంది?

ఒక రోజు నాయన ఎలాగో ఓర్చుకున్నాడు. మరునాడు పొద్దున చూస్తే చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మా వైపు దాన్ని మోడం తాగడం అంటారు, మంచి వానకు గుర్తుగా చెప్పుకుంటారు. కట్ట మీద ఆడవాళ్లు చేరారు. పక్కింటి పెద్దక్క దోసిలితో బొరుగులు చల్లి, "తాగండి తల్లీ తాగండి! ఈసారి చెరువు నిండి మరవ పారతాది" అని దండం పెట్టింది.

నాయన మాత్రం సంచులు పుట్టిలో వేసుకుంటున్నాడు.

"ఏయొద్దన్నారు కదా నాయనా!"

"నిన్న పస్తు పెట్టినా. నోరు తెరిచి అడుగుతాంటే ఎట్ల పెట్టకుండా ఉండేది పాపా?"

మేత నీళ్ల మీద తేలుతూ ఉండిపోయింది. చేపలు ముట్టలేదు. ఆయన బతిమాలుతూ ఇంకా ఇంకా చల్లాడు.

సాయంత్రం వాన దంచికొట్టింది. తెల్లారేసరికి చెరువు నిండా తెల్లటి పొట్టలు. పంజరాల్లోని జిలేబీలే కాదు, చెరువులో మిగిలిన కాసిన్ని పరిగెలు, జెల్లలు కూడా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. నిన్న దండాలు పెట్టినవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఇళ్లకు పోయారు.

విష్ణువర్ధన్ కారు దిగుతూనే అరిచాడు. "మేత ఎవరేయమన్నారు నిన్ను? మోడం పడితే నీళ్లలో గాలి తగ్గిపోతాది. గాలాడక నోళ్లు తెరిచినాయి అవి, ఆకలై కాదు! దానిమింద మేత కుమ్మరిస్తివి. వానకు అడుగు కుళ్లంతా పైకి లేసె."

"ఆ కుళ్లు ఎవరిదన్నా?" అన్నాను. "నీళ్లు లేవు, తీసేయమని చెప్తే వినింటివా?"

"మేతేసింది మీ నాయన చేతులా, నా చేతులా?"

నాయన అప్పటికే గంప ఎత్తుకుని చచ్చిన చేపలు ఏరుతున్నాడు.

కట్ట కింద గుంత తవ్వి పూడ్చాం. మన్ను కప్పడం అయ్యాక పార పక్కన పెట్టి అడిగాడు.

"నేనే చంపినానా పాపా?"

ఆ మేత వేయకపోయినా అవి చచ్చేవేనేమో. తప్పు విష్ణువర్ధన్‌దని వాదించడానికి నా దగ్గర నూరు మాటలున్నాయి. ఏది చెప్పాలో ఏరుకుంటూ పారకంటిన మన్ను గీకాను. "నువ్వు పెట్టింది తిండే కదా నాయనా" అన్నాను చివరికి. అప్పటికే ఆయన తల దించుకున్నాడు. అంత బాధ నేను నా జన్మలో ఎరగను.

ఇంటికొచ్చి స్నానం చేసి కూర్చున్నాడు. నా బిడ్డ షారోనుకు మూడేళ్లు. తాత చేతి ముద్ద లేనిదే తినదు. వచ్చి ఆయన తొడ మీద ఎక్కింది. సంగటి ముద్ద ఊరిబిండి పచ్చడిలో అద్ది పైకెత్తాడు. బిడ్డ తల పైకెత్తి నోరు తెరిచింది.

నాయన చెయ్యి ఆగిపోయింది. ముద్దను మెల్లగా కంచంలోకి దించేశాడు.

తాత ఆటాడుతున్నాడనుకుని బిడ్డ నవ్వింది. నోరు ఇంకా పెద్దగా తెరిచింది.