పాడవని మిక్సీ

ఉపేంద్ర తయారుచేసిన మిక్సీ గురించి చెప్పాలంటే ముందు దాని అడుగు గురించి చెప్పాలి. అతను ఎవరితోనైనా అక్కణ్ణుంచే మొదలుపెట్టేవాడు మరి. పెళ్ళికెళ్ళినా, బారసాలకెళ్ళినా, పంక్తిలో పక్కన కూర్చున్నవాడి ఖర్మ. మామూలు మిక్సీల అడుగు బిగించేసి ఉంటుందని, లోపల గోరంత ముక్క అరిగినా మొత్తం పారేయాల్సిందేనని, తన మిక్సీనైతే రూపాయి బిళ్ళతో ఎవరైనా తెరిచేయొచ్చని, అరిగిన ముక్క తీసి కొత్తది పెట్టుకోవచ్చని, పాతది తిరిగిస్తే కంపెనీ దాన్ని పొడిచేసి మళ్ళీ వాడుతుందని చెప్పుకుపోయేవాడు. ఈలోగా అవతలివాడి విస్తట్లో పప్పు చల్లారిపోయేది.

"మా ఆయనకి నా మొహం కంటే మిక్సీ అడుగే బాగా గుర్తు" అనేది అతని భార్య రేఖ.

విజయనగరంలో అతను పనిచేసే చిన్న కంపెనీకి యజమాని ధనరాజ్. మనిషి మంచివాడే గానీ, ప్రతి మరమేకు వెనకా ఖర్చు కనబడుతుంది ఆయనకి. "కొన్ని ఇళ్ళల్లో పెట్టి చూద్దామయ్యా. ఆడవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు తెరిచి బాగుచేసుకుంటే నీ మాటే నెగ్గినట్టు. ఎవరూ తెరవకపోతే మనమూ అడుగు అతికించేద్దాం" అన్నాడు.

చాలామంది కొత్త వస్తువు కదా అని కవరైనా తీయకుండా షోకేసులో పెట్టుకున్నారు. ఉపేంద్ర ఆశంతా శ్రీకాకుళంలోని అత్తగారి మీదే. తాయారు వీధి మొత్తానికి పచ్చళ్ళు నూరిపెట్టే మనిషి. ఆవిడ వంటింట్లో మిక్సీకి ఊపిరి పీల్చుకునే తీరికుండదు. అక్కడ కాక ఇంకెక్కడ అరుగుతుంది?

ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు.

"మిక్సీ ఎలా ఉందండీ అత్తయ్యగారూ?"

"బంగారంలా ఉన్నాది బాబూ. మీరిచ్చినది పాడవుతాదేటి?"

"పోనీ ఒక్కసారైనా తెరిచి చూశారా?"

"ఓలమ్మో! అల్లుడుగారిచ్చిన వస్తువు ఇప్పుతామేటి బాబూ? అలాటి పని సెయ్యం."

తను చేసిన మిక్సీ పాడవడం లేదని దిగులుపడ్డ ఇంజనీరు ఈ లోకంలో అతనొక్కడేనేమో.

చివరికి ధనరాజ్ తనే బయల్దేరాడు. అతికించే ముందు ఆవిణ్ణొకసారి స్వయంగా అడుగుదామన్నాడు. కారులో ఉపేంద్ర దారంతా గోళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాడు. వెనక సీట్లో రేఖ మాత్రం కిటికీలోంచి చూస్తూ తనలో తనే నవ్వుకుంటోంది. ఏమిటని అడిగితే "ఏటీ నేదు" అంది.

ఇంట్లో మిక్సీకి పసుపు రాసి బొట్టు పెట్టి ఉంది. దాన్ని హాల్లో బల్ల మీద పెట్టించారు. తాయారు మాత్రం వంటింటి తలుపు చాటునే ఉంది. కూతురి పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడలేదు. గాజులే వినిపించేవి.

"అమ్మా, మిక్సీ ఎప్పుడైనా పాడైందా?" ధనరాజ్ అడిగాడు.

"నేదు బాబూ. ఒక్కపాలీ నేదు."

ఉపేంద్ర ఇక ఆగలేకపోయాడు. "అత్తయ్యగారూ, పాడైతే పాడైందని చెప్పండి. అదే నాకు మంచిది!"

"మీ కంపెనీ వోల్ల ముందర మీకు తలవంపులు తెస్తానేటి బాబూ? నా పీక మీద కత్తెట్టినా ఆ మాట అనను."

ధనరాజ్ పెదవి విరిచాడు. "సరే ఉపేంద్రా. అతికించేద్దాం."

ఉపేంద్రకి నిజంగా ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళ కష్టమూ ఆ అడుగు మూతతోపాటే మూసుకుపోయిందనుకున్నాడు.

ధనరాజ్ ఊరికే కూర్చోలేక జేబులోంచి రూపాయి బిళ్ళ తీశాడు. మిక్సీని బోర్లించి, అడుగున బిళ్ళ పెట్టి కుడివైపు తిప్పాడు. రాలేదు. గట్టిగా తిప్పాడు. కిర్రుమంది. తలుపు చాటున గాజులు గలగలమన్నాయి. పళ్ళు బిగించి ఇంకాస్త గట్టిగా తిప్పాడు.

"అటు కాదు బాబూ! ఇరిగిపోతాది! ఎడమేపు!"

తాయారు గడప దాటి వచ్చేసింది. ఆయన చేతిలోంచి బిళ్ళ లాక్కుని ఎడమవైపు ఒక్క తిప్పు తిప్పింది. అడుగు ఊడి చేతిలోకొచ్చింది. వేలితో లోపల నొక్కి నల్లటి కార్బన్ ముక్క లాగి, వెలుతురుకి పట్టి చూసి, "అరిగిపోనాది" అని తనలో తను అనుకుంది. గబగబా లోపలికెళ్ళి పోపులడబ్బా తెచ్చింది. ఆవాలకీ మెంతులకీ మధ్య గిన్నెలో, మిక్సీతోపాటు కంపెనీ ఇచ్చిన కొత్త ముక్కలు. ఆ పక్క గిన్నెలో అరిగిపోయినవి, శుభ్రంగా కడిగి ఆరబెట్టినవి, నిండా ఉన్నాయి. కొత్తది పెట్టి, మూత బిగించి, మీట నొక్కింది. మిక్సీ బుర్రుమంది. పొద్దున్న నూరిన అల్లం వాసన లేచింది.

అప్పుడు తలెత్తి చూస్తే ఎదురుగా అల్లుడు. గబుక్కున కొంగు లాక్కుని "ఇదే బాబూ మొదటిపాలి నేను తియ్యడం" అంది.

"మరి ఈ పాత ముక్కలేమిటమ్మా?" ధనరాజ్ నవ్వాపుకుంటూ అడిగాడు.

"పాతవి పారీకండి, మళ్ళీ పనికొస్తాయని అల్లుడుగారు సెప్పినారు కదా, అందికే దాసినాను" అనేసి, నాలిక్కరుచుకుని లోపలికి పరుగెత్తింది.

ఉపేంద్ర ఆ అరిగిన ముక్కల గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. ఇన్ని పెళ్ళిళ్ళలో, ఇన్ని పంక్తుల్లో ఎవరూ వినని మాటలు తలుపు చాటున ఒకావిడ పొల్లు పోకుండా వింది. విని, అతని పరువు పోకూడదని మాత్రమే దాచింది.

"అతికించొద్దులే" అన్నాడు ధనరాజ్.

వెళ్ళొస్తామని లేచేసరికి లోపల్నుంచి రేఖని పిలిచింది తాయారు. వీధి గుమ్మం దాకా వినబడే గుసగుస అది.

"ఒసే, జారు కింద తిరిగే ఆ రబ్బరుముక్క కూసింత మందంగా సెయ్యమను మీ ఆయన్ని. పాడైందని కాదే. ఊరికే అంటన్నాను."

"అలాగే అత్తయ్యగారూ" అన్నాడు ఉపేంద్ర గుమ్మంలోంచే గట్టిగా, కళ్ళు తుడుచుకుంటూ. "మన మిక్సీ పాడవదు కదండీ. ఊరికే చేస్తాను."