లోపలి మనిషికి బొట్టు

కంప్యూటర్ టేపు పెట్టెను అందరూ క్యాసెట్ అంటారు. క్యాసెట్ కాదు, కార్ట్రిడ్జ్ అని సరిదిద్దడం నాకు ఏళ్ళ తరబడి అలవాటు. నెల్లూరులో నాదొక చిన్న షాపు. పాడైన డిస్కుల్లోంచి, పాత టేపుల్లోంచి పోయిన సమాచారాన్ని బయటికి లాగి ఇవ్వడం నా పని. వచ్చినవాళ్ళకు ముందు నాలుగు చీవాట్లు పెట్టి, రెండో కాపీ ఎందుకు తీసుకోలేదని నిలదీసి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకుంటాను. మధుబాబుకు చెయ్యి మంచిదే గానీ నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు. ఆ పేరు పోగొట్టుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.

బెన్హర్ ఫోన్ చేసినప్పుడు కూడా చీవాట్లతోనే మొదలుపెట్టాను. ఆయన కోట ఊరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక పాలెంలో మత్స్యకారుల సంఘం రేడియో గది చూసుకునేవాడు. వేటకు పోయిన పడవలు ఒడ్డుతో మాట్లాడుకునే గది అది. సునామీ తర్వాత ఎవరో దాతలు కట్టించి ఇచ్చారు. పడవల నుంచి వచ్చిన ప్రతి మాటా కంప్యూటర్‌లో రికార్డయ్యేది. వారానికోసారి ఆ మాటలన్నీ టేపు మీదికి ఎక్కించి బీరువాలో పెట్టేవాళ్ళు. తర్వాత ఉప్పుగాలికి కంప్యూటర్ పోయింది, టేపు నడిపే డ్రైవూ పోయింది, చివరికి గదికే తాళం పడింది. మిగిలింది ఒక్క టేపు. దాన్ని వినిపించే యంత్రం ఎక్కడా దొరకడం లేదని, నేను ఒకసారి రావాలని ఆయన అడిగాడు.

వస్తువు పట్టుకుని నువ్వే రావయ్యా అన్నాను. ఆ మనిషి ఇవ్వదు సార్ అన్నాడు.

ఆ మనిషి పేరు కామమ్మ. ఎనిమిదేళ్ళ కిందట తుపాను ముందు ఆమె భర్త ముత్యాలయ్య ఇంకో ఇద్దరితో కలిసి వేటకు పోయాడు. ఆ ఇద్దరి శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, ముత్యాలయ్య రాలేదు. పడవ మునిగే ముందు ఆయన రేడియోలో మాట్లాడాడు. ఆ మాటలు ఉన్న టేపును బెన్హర్ బీరువాలోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు, వినబోయేసరికి డ్రైవు పోయి ఉంది. కర్మ చేసెయ్యమని పాలెం పెద్దలు అడిగిన ప్రతిసారీ ఆమె ఒకటే చెప్పిందట: శవం రాలేదు, కనీసం ఆయన ఏమన్నాడో విననీండి, విన్నాక మీరు చెప్పినట్టే చేస్తాను అని. అలా బొట్టూ గాజులూ తియ్యకుండానే ఎనిమిదేళ్ళు గడిచిపోయాయి.

ఈ టేపు డ్రైవులకు ఒక పాడు గుణం ఉంది. కొత్తవి పాత టేపుల్ని చదవవు. ఒకటి రెండు తరాలు దాటాయంటే మొహం కూడా చూడవు. ఆ తరం డ్రైవు నా దగ్గర ఒక్కటి మిగిలింది. అమ్మేద్దామనుకుంటూ బద్ధకం కొద్దీ ఉంచుకున్నాను. దాన్ని దుప్పటిలో చుట్టి కారు వెనక సీట్లో పడుకోబెట్టి బయల్దేరాను. ఊరికే పోలేదు, తిట్టుకుంటూనే పోయాను.

బెన్హర్ ఇంట్లో కూర్చున్నాం. ఆయన భార్య అప్పుడే పులుసు దించింది. కామమ్మ ముందే వచ్చి గోడ వారగా కూర్చుని ఉంది. యాభై దాటని మనిషి, నుదుట పెద్ద బొట్టు. ఒక చిన్న బిడ్డను ఎత్తుకున్నట్టు టేపును తువ్వాలులో పెట్టి ఒళ్ళో పట్టుకుంది. తినమంటే, పడవలు ఒడ్డెక్కినాక తింటాలే వదినా అంది. ఆ పాలెంలో మగమనిషి వేటలో ఉంటే, పడవ ఒడ్డెక్కేదాకా ఆ ఇంటి ఆడమనిషి అన్నం ముట్టదు. ఈమె పడవ ఇక ఒడ్డెక్కేది లేదు కాబట్టి, పాలెంలో కట్టకడపటి పడవ వచ్చేదాకా చూసి, పొద్దుగూకాక ఒక్కపూటే తింటుందని బెన్హర్ భార్య వంటగదిలో నాతో మెల్లగా చెప్పింది. ఎండకు నల్లబడి, చిక్కిపోయిన ఆ చేతులు చూశాక నాకు చీవాట్లు పెట్టాలనిపించలేదు.

టేపు నా చేతికి ఇవ్వడానికి ఆమె కాసేపు తటపటాయించింది. అరచేతిలో పట్టే నల్లటి ప్లాస్టిక్ పెట్టె అది. లోపల ఒకే చక్రానికి సన్నటి టేపు చుట్టి ఉంటుంది. పక్కన చిన్న తలుపు, దాని వెనక టేపు కొసకు ఉక్కు ముక్క. డ్రైవు ఆ తలుపు తెరిచి, ఉక్కు ముక్కను పట్టుకుని, టేపును తనలోకి లాక్కుని చదువుతుంది. నేను గోటితో తలుపు జరిపాను. లోపలంతా ఎర్రగా ఉంది.

ఏమిటిదని అడిగాను.

"శుక్రవారం శుక్రవారం బొట్టు పెడతాను సార్" అంది కామమ్మ.

పెట్టెకు పెట్టుకోవచ్చు కదమ్మా, ఈ తలుపు ఎందుకు తీశావని అడిగాను.

"పైన పెడితే పెట్టెకు పెట్టినట్టు గదా. మనిషి లోపలుండాడు."

నూనెలో కలిపిన కుంకుమ, ఎనిమిదేళ్ళ శుక్రవారాలు. అది టేపు అంచుల వెంబడి లోపలి చుట్లలోకి దిగిపోయి గట్టిపడింది. టేపును చదివే హెడ్డు మీద చిన్న దుమ్ము పడినా ఒప్పుకోని వస్తువది. దాన్ని ఇక్కడ తిప్పడం మంచిది కాదని, చెన్నైలో దుమ్ము లేని గదుల్లో ఇలాంటివి కడిగే వాళ్ళున్నారని, నెలలు పట్టినా అక్కడికి పంపడమే మేలని చెప్పాను. ఇక్కడే తిప్పితే చిరిగిపోవచ్చని కూడా దాచకుండా చెప్పాను.

ఆమె టేపు వైపు చూస్తూ వింది. విని, తల అడ్డంగా ఊపింది.

"ఒకసారి పంపించి పోగొట్టుకున్నా సార్. మళ్ళీ పంపను."

బెన్హర్‌ను చూశాను, ఆయనైనా నచ్చజెప్తాడని. ఆయన తల వంచుకుని చాప పుల్లలు పీకుతున్నాడు. ఒప్పుకోక నేను మాత్రం ఏం చేసేది? పెట్టె విప్పి, స్పిరిట్‌లో ముంచిన దూదితో ఉక్కు ముక్కను, టేపు మొదటి చుట్లను తుడవడం మొదలుపెట్టాను. తుడిచిన ప్రతి దూదీ ఎర్రగా వచ్చింది. కింద పడేసిన దూదుల్ని కామమ్మ ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టింది. చివరికి దూది తెల్లగా రావడం మొదలయ్యాక పెట్టె బిగించి డ్రైవులో పెట్టాను.

డ్రైవు టేపును లాక్కుంది, ముందుకీ వెనక్కీ తిప్పింది. టేపు మొదట్లో ఉండే పట్టిక ల్యాప్‌టాప్ తెర మీదికొచ్చింది. ఆ వారంలో వచ్చిన మాటల పేర్లన్నీ వరుసగా ఉన్నాయి. అందులో తుపాను రోజుది, ముత్యాలయ్య పడవ నంబరుది వెతికి చూపించాను. నిమిషంలోపు మాట అది. ఇదే అని వేలు పెట్టి చూపిస్తే కామమ్మ చెయ్యి చీర కొంగుకు తుడుచుకుని ఆ అక్షరాలను తాకింది. ఆమె మొహం ఒక్కసారి విప్పారింది. నాకూ ఆశ పుట్టింది. ఆ మాట టేపు మధ్యలో ఎక్కడో ఉంది. డ్రైవు అక్కడికి పరిగెత్తడం మొదలుపెట్టింది.

సగం దూరం సవ్యంగానే పోయింది. ఆ తర్వాత గరగరమంది, ఆగింది, మళ్ళీ గరగరమంది. పవర్ తీసి మూత విప్పేసరికి టేపు హెడ్డుకు చుట్టుకుపోయి ఉంది. లోపలి చుట్ల కుంకుమ గట్టి పొడిగా రాలి ఇసుకలాగా గీసేసింది. టేపు మీద సన్నటి పూత ఉంటుంది. మాటలన్నీ ఉండేది ఆ పూతలోనే. అది చారలు చారలుగా లేచిపోయి, వెనక ప్లాస్టిక్ రేకు నా వేళ్ళ మధ్య అద్దంలా కనిపించింది. దాన్ని తిరిగి అతికించే చెయ్యి నాకే కాదు, ఎవరికీ లేదు. రెండో కాపీ లేదు. ఆ ప్రశ్న నేను ఎవర్నీ అడగలేదు.

ఉప్పుగాలమ్మా అన్నాను. సముద్రం పక్కన ఇన్నేళ్ళు ఉంటే ఏ టేపైనా ఇంతేనని, నీ తప్పేం లేదని, ఏదేదో చెప్పాను.

కామమ్మ పక్కనున్న ఎర్ర దూదుల వైపు చూసింది. తర్వాత తన ఉంగరం వేలు వైపు చూసుకుంది, బొట్టు పెట్టే వేలు.

"నేనే చెరిపినా గదా సార్."

అవునని ఎలా అనను, కాదని ఎలా అనను. నాకు ఏడుపొచ్చింది. పరాయి ఇంట్లో, పరాయి మనిషి మొగుడి కోసం, డ్రైవు మూత చేతిలో పట్టుకుని కూర్చుని ఏడ్చాను. ఆమె మాత్రం ఏడవలేదు.

బెన్హర్ ఎప్పుడు లేచాడో లేచి వాకిట్లోకి పోయాడు. కాసేపటికి తిరిగొచ్చి ఆమె ఎదురుగా గొంతుకూర్చున్నాడు. నేను విన్నాను కామమ్మా అన్నాడు.

"విన్నావని తెలుసన్నా. ఎన్నిసార్లు అడిగినా క్యాసెట్‌లో ఉండాది, నువ్వే విను అంటివి గదా."

ఆ రోజు రేడియో ముందున్నది బెన్హర్ ఒక్కడే. పడవలోకి నీళ్ళొచ్చాయని, మిగతా ఇద్దరూ కొట్టుకుపోయారని ముత్యాలయ్య చెప్పాడు. ఇక్కడ ఈయన ఏం చెయ్యగలడు, ధైర్యంగా ఉండు అంటూ వచ్చాడు. ఆ చివరి మాట తన నోటితో చెబితే కామమ్మ బొట్టు తన చేత్తో తుడిచినట్టవుతుందని భయపడ్డాడు. ముత్యాలయ్య గొంతే చెప్పుకుంటుందిలే అని టేపు ఇచ్చేశాడు. డ్రైవు చచ్చిపోయిందని తెలిసినప్పుడు, దేవుడు క్షమించుగాక, కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. ఇదంతా ఆయన నేల చూస్తూనే చెప్పాడు.

"చివరికి ఏమన్నాడన్నా?" అని కామమ్మ అడిగింది.

"పడవ రాదు బెన్హరన్నా. కామమ్మను అన్నం తినెయ్యమను. పెందలాడే తినెయ్యమను, నా కోసం చూడొద్దను అన్నాడు."

పొయ్యి దగ్గర బెన్హర్ భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. ఎనిమిదేళ్ళు ఆకలితో పొద్దుగూకేదాకా చూసిన మనిషి ఇప్పుడు బెన్హర్ మీద విరుచుకుపడుతుందని, పడాలని కూడా నేను అనుకున్నాను. ఆమె అరవలేదు.

కేకేసి అన్నాడా, ఏడుస్తా అన్నాడా అని అడిగింది. లేదు, పొద్దున పోయేటప్పుడు వాకిట్లో నిలబడి చెప్పినట్టే అన్నాడు అన్నాడు బెన్హర్. ఇంకోసారి చెప్పన్నా అంది. ఆయన చెప్పాడు. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాడు. మూడోసారికి ఆయన మాట సగంలోనే ఆగింది, ఆమె చాలన్నట్టు చెయ్యి ఎత్తింది.

నలిగిపోయిన టేపును ఒకటిగా చుట్టి, పెట్టెలో సర్ది, తువ్వాలు మీద పెట్టాను.

"క్యాసెట్ తీసుకుపోతావా అమ్మా?" అన్నాను.

"అందులో ఇంకెవరుండారు సార్" అంది.

తర్వాత లేచి తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కుంది. వచ్చి వంటగది గుమ్మం ముందు మఠం వేసుకుని కూర్చుని, వదినా, అన్నం పెట్టు అంది. బెన్హర్ భార్య పళ్ళెం నిండా పెట్టి పులుసు పోసింది. కామమ్మ కలుపుకుని తినడం మొదలుపెట్టింది. మధ్యలో కళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆగలేదు, నీళ్ళు పళ్ళెంలో పడుతుంటే అలాగే తింది. అయిపోయాక ఇంకొంచెం పెట్టమని అడిగింది.

బయట ఎండ నడినెత్తిన ఉంది. పాలెం పడవలు ఒక్కటి కూడా ఇంకా ఒడ్డుకు రాలేదు.