పొడి పళ్ళెం

గురువారం వచ్చిందంటే మా ఆయనకి వంటింటి మీద ప్రేమ పుట్టుకొస్తుంది. మిగతా రోజుల్లో మంచినీళ్ళకి కూడా హాల్లోంచే కేకేసే మనిషి, ఆ రోజు స్టూలు లాక్కుని స్టవ్ పక్కనే చేరతాడు. ఫోన్‌ని ఉప్పు డబ్బా పక్కన బోర్లా పెట్టి, "నిన్నటి సినిమాలో ఆ పెద్దావిడ ఎలా చేసిందంటావ్?" అంటాడు. ఉల్లిపాయలు తరుగుతూ చెప్పుకుంటూ పోతాను. మధ్యలో అడ్డు రాడు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకి నా మాట వినడం నేర్చుకున్నాడని మొదట్లో మురిసిపోయాను కూడా.

ఆయన సినిమా విమర్శకుడు. ఆదివారం పేపర్లో సగం పేజీ ఆయనదే, మూలన నవ్వుతున్న ఫొటోతో సహా. పాసులు రెండొస్తాయి కాబట్టి నన్నూ తీసుకెళ్తాడు. లైట్లు ఆరిన పావుగంటకి తల నా భుజం మీద వాలుతుంది, ఇంటర్వెల్‌లో కాఫీ తాగి మళ్ళీ వాలుతుంది. ఇంటికి ఎవరైనా వస్తే మాత్రం, "మా ఆవిడకి సినిమా అంటే పాటలూ, చీరలూనండీ" అని నవ్విస్తాడు. అత్తగారు అందుకుంటారు. "మావాడిది చిన్నప్పట్నుంచీ సినిమా బుర్ర. నీకెందుకమ్మా అవన్నీ, కూర మాడకుండా చూసుకో." అలాంటప్పుడు చేతిలో ఉన్నదేదో తుడుస్తూ ఉండిపోతాను.

నేను పనిచేసేది పళ్ళ డాక్టరమ్మ క్లినిక్‌లో, ముందు బల్ల దగ్గర. రోజుకి నలభై మొహాలు చూస్తాను. అందులో నాకు తెలిసొచ్చింది ఒకటే. నొప్పి నిజంగా ఉన్నవాళ్ళు మొహం వంకర పెట్టరు, మాట తగ్గిస్తారు. దవడ పట్టుకుని మూలిగేవాడు కాదు, పత్రికలో ఒకే పేజీని అరగంట చూసేవాడు ముందు లోపలికెళ్ళాలి. అవార్డులిచ్చేవాళ్ళకి ఈ సంగతి తెలియదు. నేలమీద పడి దొర్లి ఏడిస్తే ఇచ్చేస్తారు. ఏడుపుని మింగేసినవాళ్ళ పేరు చివర్లో అక్షరాలు పరిగెడుతున్నప్పుడు వెతుక్కోవాలి. ఈ మాటే ఒక గురువారం ఆయనకి చెప్పాను.

తర్వాతి సోమవారం డాక్టరమ్మ పేపరు పట్టుకొచ్చింది. "మీవారికి ఎంత చూపండీ. వినండి. 'నిజమైన నొప్పి మూలగదు, మాట తగ్గిస్తుంది.' ఆడవాళ్ళని ఇంత బాగా అర్థం చేసుకునే మగాడు దొరకడం మీ అదృష్టం."

నేను నవ్వాను. నవ్వడం కూడా నటనేనని అప్పుడు తెలిసింది.

అయినా నన్ను నేనే అనుమానించాను. ఒకే కంచం, ఒకే మంచం, ఆలోచనలు కలవవా అనుకున్నాను. బహుశా ఆయన అన్నదే నేను అన్నానేమో. కానీ అనుమానం ఒకసారి ఇంట్లో అడుగుపెడితే కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. పాత పేపర్లన్నీ తీసి చదివాను. మూడేళ్ళ ఆదివారాలు. ప్రతి పేజీలోనూ నా వంటింటి మాటలే, ఉల్లిపాయ వాసన ఒక్కటే తక్కువ. ఆ తర్వాతి గురువారం వేడి గిన్నె దించడానికి చోటు కావాలన్న వంకతో బోర్లా ఉన్న ఫోన్‌ని పక్కకి జరిపి, అంచు ఎత్తి చూశాను. రికార్డింగ్ ఎర్రచుక్క. పదకొండు నిమిషాల నలభై సెకన్లు, ఇంకా నడుస్తోంది. ఆయన చటుక్కున అందుకుని, "ఏదో నొక్కుకుపోయినట్టుంది" అన్నాడు. ఎంత చెడ్డ నటనో.

అడిగితే ఏమంటాడో నాకు తెలుసు. "భార్యాభర్తల మధ్య నీదీ నాదీ ఏమిటి?" అంటాడు. అందుకే అడగలేదు. ఒక పరీక్ష పెట్టాను.

ఆ వారం చూసింది ఉత్తమ నటి అవార్డు వచ్చిన సినిమా. బడిలో వంట చేసే ఆవిడ కథ. భర్త ఇక తిరిగి రాడని ఆవిడకి ఫోన్లో తెలుస్తుంది. తెరమీద మనకి కనిపించేది ఆవిడ వీపు మాత్రమే, అంతలో సీను అయిపోతుంది. ఆ సమయానికి మా ఆయన గురక పెడుతున్నాడు, నేను మోచేత్తో పొడిచాను కూడా. గురువారం స్టూలు వచ్చింది, ఫోన్ బోర్లా పడుకుంది. నేను తాపీగా చెప్పాను. "ఫోన్ పెట్టేశాక ఆవిడ ఒక పళ్ళెం తీసుకుంటుంది. అప్పటికే తుడిచేసిన పొడి పళ్ళెం. దాన్నే మళ్ళీ తుడుస్తుంది. ఒక్క చుక్క కన్నీరు పెట్టదు." సినిమా మొత్తంలో పళ్ళెమే లేదు.

ఆదివారం శీర్షికే అది: పొడి పళ్ళెం. "ఆ క్షణంలో నా కళ్ళు చెమర్చాయి" అని కూడా రాసుకున్నాడు. పేపరు మడిచి పెట్టేశాను. కోపం వస్తుందనుకున్నాను, సిగ్గేసింది. ఇన్నేళ్ళూ ఆ స్టూలుకి ఎదురుచూసినందుకు.

ఆ వ్యాసం చూసి ఫిల్మ్ క్లబ్ వాళ్ళు ఆ నటికి చేసే సన్మానంలో ఆయన్ని మాట్లాడమన్నారు. ఆవిడ ఎదురుగానే. ఆ రోజు పొద్దున్న ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ, చెప్పేద్దామా అని రెండుసార్లు నోరు తెరిచాను. ఎంత కాదన్నా నలుగురిలో పరువు. "ఏమండీ, ఆ సినిమా ఇంకోసారి చూసి వెళ్ళకూడదూ?" అన్నాను.

"నాకు చెప్తావా సినిమా ఎలా చూడాలో?" అన్నాడు అద్దంలో తల దువ్వుకుంటూ. "ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టు, చాలు."

కాలరు దగ్గర ముడత కూడా లేకుండా ఇస్త్రీ చేసి ఇచ్చాను. ముందు వరసలోనే కూర్చున్నాను.

బాగా మాట్లాడాడు. పళ్ళెం దగ్గరికొచ్చేసరికి గొంతు కూడా వణికించాడు. నటి మైకు అందుకుని, నొచ్చుకుంటున్నట్టే మొదలుపెట్టింది. "సార్, ఆ పని నేను చెయ్యలేదండీ. నా సినిమాలో అది లేదు." వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ నవ్వలేదు. ఆలోచిస్తూ అంది, "నాకు తట్టి ఉంటే తప్పకుండా చేసేదాన్ని. మీరు ఎవరి దగ్గర చూశారో గానీ, ఈ అవార్డు వాళ్ళది."

ఆయన చేతులు కాగితాలు సర్దుకున్నాయి. కళ్ళు మాత్రం ముందు వరసలో నన్ను వెతికాయి. నేను చప్పట్లు కొడుతున్నాను, ఆవిడ కోసం.

కారెక్కాక తాళం తిప్పకుండానే స్టీరింగ్ పట్టుకున్నాడు. "నలుగురిలో నా పరువు తీశావు. ఏ సినిమాలో చూశావది?" అన్నాడు. అంత జరిగినా ఫోన్ మా ఇద్దరి మధ్యా బోర్లానే ఉంది. నేను దాన్ని వెల్లకిలా తిప్పి, ఎర్రచుక్క నేనే నొక్కాను.

"సినిమాలో కాదండీ. నాకు పాటలూ చీరలూ తప్ప తెలియవని మీరు నలుగురిని నవ్వించినప్పుడల్లా, కూర మాడకుండా చూసుకోమని మీ అమ్మగారు అన్నప్పుడల్లా, మీ ఎదురుగానే నేను తుడిచాను ఆ పళ్ళెం. అప్పుడు మీరు నిద్రలో కూడా లేరు."