సింకు కింద చీరపేలిక

పర్చూరులో కోటేష్ వాళ్ళింట్లో వంటింటి సింకు కారడం మొదలైనప్పటి నుంచీ తప్పంతా కోడలు మాధురిదే అయింది. "మెతుకులు చూసుకోకుండా పారేస్తే గొట్టం పాడవదా మరి?" అని అత్త బసవమ్మ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. మాధురి ఎదురు చెప్పేది కాదు. పళ్ళేలు ఒకటికి రెండుసార్లు దులిపి మరీ కడిగేది. అయినా గట్టు కింద నీళ్ళు చేరుతూనే ఉన్నాయి.

అవి మిరపకోతల రోజులు. కోటేష్ పొద్దున్నే చేలోకి పోతే దీపాలు పెట్టాకే ఇల్లు చేరేవాడు. ప్లంబర్ గౌస్ బాషాకు ఫోన్ చేస్తే చిలకలూరిపేట మిల్లులో పని ఒప్పుకున్నానని, అది తేలేదాకా రాలేనని చెప్పాడు. ఆరోజు నీళ్ళు పక్క గదిలోకి పారి, విత్తనానికని దాచిన మిరపకాయల గోతాన్ని అడుగున తడిపేశాయి.

"విత్తనం కూడా దక్కనిచ్చేట్టు లేవే!" అంటూ బసవమ్మ గోతాన్ని ఎండలోకి ఈడ్చుకుపోయింది.

మాధురి చున్నీ నడుముకు బిగించి, ఫోన్ లైటు వేసుకుని సింకు కిందికి దూరింది. ఆ మూలకు ఆమె ఎప్పుడూ పోలేదు. తుడవబోయినప్పుడల్లా "నేను తుడుస్తాలే, నువ్వు పొయ్యి చూసుకో" అని అత్త అడ్డుపడేది.

నీళ్ళు దిగే జాలీ కింద పైపు కలిసేచోట ఒక గుడ్డపేలిక బిగించి కట్టి ఉంది. ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు. బసవమ్మ పాత చీర. ముడి విప్పేసరికి లోపల ప్లాస్టిక్ పైపు మైనంలా సాగి, ముడతపడి, ముడత దగ్గర చీలి ఉంది. అంచుల నిండా తెల్లగా గంజి పెచ్చు కట్టింది.

మాధురికి అంతా అర్థమైంది. తను వండేది కుక్కర్లో. అత్తకు అది సయించదు. ఆమె మటుకు విడిగా గిన్నెలో వండుకుని గంజి వార్చుకుంటుంది. గేదె ఉన్నన్నాళ్ళూ ఆ గంజి కుడితిలోకి పోయేది. గేదెను అమ్మాక కాగుతున్నది కాగుతున్నట్టే సింకులో పోస్తోంది. పైపు కరిగిన సంగతి తెలిసే పేలిక కట్టింది. తెలిసే ఊరందరికీ కోడలి పేరు చెప్పింది.

ఆ పేలిక పట్టుకుని వాకిట్లోకి పోయి నలుగురిలో నిలదీద్దామా అనిపించింది. పేలికలోంచి మురికినీళ్ళు మోచేతి దాకా కారాయి. ముందు ఈ కారడం ఆపాలనుకుని గుడ్డను బకెట్ అంచున వేసి, పాత పైపు ఊడదీసి సంచిలో పెట్టుకుని బజారుకు బయల్దేరింది.

పైపుల కొట్టు హుస్సేన్ సాహెబ్ ఆ పైపు చూడగానే, "వేడినీళ్ళు పోశారామ్మా?" అని అడిగాడు.

"ఏమోనండీ. కొంచెం మందంది ఇవ్వండి. వాషర్లు కూడా."

ఇంటికొచ్చి బిగించడం మొదలుపెట్టింది. కింద నట్టు తిప్పితే పైన జాలీ కూడా దాంతోపాటే తిరుగుతోంది. ఎంతసేపు తిప్పినా బిగియదు. చేతులు రెండే. చివరికి పిలవక తప్పలేదు.

"అత్తయ్యా, ఒకసారి ఇట్లా రండి."

బసవమ్మ వచ్చి, బకెట్ మీదున్న పేలికను చూసింది.

"పైన ఆ జాలీని పటకారుతో పట్టుకోండి. కదలకూడదు."

"పట్టుకున్నా."

"కదిలింది."

"పట్టుకున్నానంటుంటే! నువ్వు తిప్పు."

నీళ్ళు వదిలితే మళ్ళీ కారింది. విప్పి చూస్తే వాషర్ తిరగేసి పెట్టింది మాధురి. సరిచేసి మళ్ళీ బిగించింది. ఈసారి బకెట్ నిండా నీళ్ళు పోసినా కింద చుక్క పడలేదు.

"గంజి చల్లారాక పోయండి అత్తయ్యా," అంది మాధురి, నేల తుడుస్తూ. గుడ్డ పిండి, "ఇన్నాళ్ళూ నన్ను అన్నారు గదా," అంది.

"అన్నాను," అంది బసవమ్మ. పటకారు కడిగి గట్టు మీద పెట్టి, ఎండలో కాయలు తిరగెయ్యడానికి వెళ్ళిపోయింది.

కోటేష్ ఒంటినిండా మిరప ఘాటుతో, తుమ్ముతూ ఇంటికొచ్చాడు. చెయ్యి కడుక్కోబోతూ కిందికి వంగి చూశాడు.

"బాషా వచ్చాడా? ఏమైందంట?"

మాధురి గరిటె పట్టుకుని నిలబడింది.

"బాషా ఎక్కడ? నేనే కాగే గంజి పోసి పైపు కరగబెట్టా," అంది బసవమ్మ పీట మీద నుంచే. "నీ పెళ్ళాం కొత్తది వేసింది. కూర్చో, అన్నం చల్లారుద్ది."

కోటేష్ తల్లినీ భార్యనీ మార్చి మార్చి చూసి, కంచం ముందు కూర్చున్నాడు.

తర్వాత ఇంటికొచ్చిన వాళ్ళతో మాత్రం బసవమ్మ గంజి సంగతి ఎత్తలేదు. సింకు బాగైందని చెప్పేది, అంతే. పక్క గదిలోంచి వింటున్న మాధురి కూడా దాన్ని అంతటితో వదిలేసింది.