నలభై రెండో రోజు

నా కాలి బొటనవేలి మీది పుండును చూసి, కొండాపూర్ క్లినిక్‌లో డాక్టరు సుబ్రహ్మణ్యం గారు, "సిగరెట్లు గానీ బీడీలు గానీ అలవాటుందాండీ?" అని అడిగారు. అప్పుడు నా మెడలో అయ్యప్ప మాల ఉంది. ఒంటిమీద నల్లబట్టలు, కాళ్ళకు చెప్పుల్లేవు.

"లేదు స్వామీ" అన్నాను.

దీక్షలో అబద్ధమాడకూడదు. ఆడాననీ అనుకోలేదు. మాల వేసుకొని అప్పటికి ఇరవై రోజులు. ఆ ఇరవై రోజుల్లో ఒక్కటీ ముట్టలేదు. అంతకు ముందు పందొమ్మిదేళ్ళు రోజుకు రెండు పెట్టెలు కాల్చాను. అది ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పక్కనున్న నా భార్య ఓబులమ్మ ఏదో అనబోయి ఆగిపోయింది. మాలలో ఉన్న మనిషిని పరాయివాళ్ళ ముందు కాదనడం ఆమెకు చేతకాదు.

ముల్లు గుచ్చుకొని ఉంటుందని డాక్టరు కట్టు కట్టి, మాత్రలు రాసి, చెప్పులు వేసుకోమన్నారు. మాల మీద చెప్పులేమిటని నేను వేసుకోలేదు.

మాది బోరబండలో అద్దె ఇల్లు. ఆ ఏడే తెరిచిన సైబర్ టవర్స్‌కు అవతల, ఇంకా కడుతున్న ఒక ఆఫీసు భవనం దగ్గర నేను స్టోర్‌కీపర్ని. బస్సు దిగి సైటు దాకా నడుస్తుంటే ప్రతి రెండు వందల అడుగులకూ పిక్క పట్టేసేది. ఆగేవాణ్ణి. ఎవరైనా చూస్తే ఆ టవర్స్ అద్దాల మేడను చూస్తున్నట్టు తలెత్తేవాణ్ణి. ఒకరోజు మా మేస్త్రీ చంద్రయ్య పట్టుకున్నాడు.

"ఏంది స్వామీ, రోజూ ఆడనే నిలబడ్తవ్? కొంటవా ఏంది?"

"రెండంతస్తులు బేరం చేస్తుండా."

"జర మాకు గూడ ఓ రూము ఉంచు."

నవ్వాడు. నేనూ నవ్వి, నొప్పి తగ్గాక నడిచాను.

ముప్పై ఒకటో రోజు పొద్దున పూజకు కూర్చుంటే వేలి చివర నల్లగా కనిపించింది. ఓబులమ్మ హారతి పళ్ళెం కింద పెట్టేసింది.

"ఇంగ నేను ఊరకుండను. ఈసారి డాక్టరుకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"ఏం చెప్పాల మాతా?"

"మాతా గీతా పక్కన పెట్టు. కాలు పొయ్యేది నీది, నిన్ను మోసేది నేను."

ఆ పూటే క్లినిక్‌లో డాక్టరు నా పాదం మీద వేళ్ళు ఆనించి చాలాసేపు నాడి వెతికారు.

"చల్లగా ఉందండీ. నాడి అందట్లేదు. ఇంత చిన్న వయసులో ఇలా రావడం ఎక్కువగా పొగ తాగేవాళ్ళలోనే చూస్తాం. మీరేమో తాగనంటున్నారు. అలాగైతే గుండె నుంచి రక్తపు గడ్డ ఏమైనా వచ్చిందేమో వెతకాలి" అంటూ కాగితం అందుకున్నారు.

ఆ కాగితం తీసుకొని బయటికి వచ్చేయవచ్చు. నా మాట నిలబడుతుంది. ఓబులమ్మ నా వైపే చూస్తోంది.

"మాల వేసుకున్నాక తాగలేదు సార్. అంతకు ముందు పందొమ్మిదేళ్ళు తాగినాను."

ఆయన కలం పక్కన పెట్టారు. కోప్పడలేదు. "మొన్ననే చెప్పి ఉంటే..." అని ఆగి, కళ్ళద్దాలు తీసి ముఖం తుడుచుకున్నారు. "పెద్దాసుపత్రికి ఎలాగూ వెళ్ళాలి. వేలు దక్కుతుందో లేదో వాళ్ళు చూస్తారు. కాలు దక్కడం మాత్రం చాలావరకు మీ చేతిలోనే ఉందండీ. పొగ వల్ల ఈ సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. రోజుకు ఒక్కటి తాగినా మందులు పనిచెయ్యవు. ఈ నెల రోజులు ఎలా మానారు?"

"స్వామి కోసం."

"మరి నలభై రెండో రోజు?"

ఏడేళ్ళుగా మాల వేస్తున్నాను. ఏడేళ్ళూ మాల తీసిన రోజే మళ్ళీ వెలిగించాను. పైగా ఎప్పుడు కావాలంటే అప్పుడు మానగలనని గొప్ప చెప్పుకునేవాణ్ణి. స్వామికి నలభై ఒక్క రోజులు ఇచ్చానంటే, మిగిలిన మూడు వందల ఇరవై నాలుగు రోజులు ఎవరికి ఇచ్చినట్టు?

ఆసుపత్రిలో బొటనవేలు తీసేశారు. కొండకు వెళ్ళే యోగం ఆ ఏడు లేకపోయింది. నలభై ఒకటో రోజు గురుస్వామి మా ఇంటికే వచ్చి మాల తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

"ఉండనీయండి స్వామీ. ఇది ఉంటేనే మానగలను."

ఆయన మంచం అంచున కూర్చున్నారు. "భక్తితో వేసుకున్నావు. ఇప్పుడు భయంతో ఉంచుకుంటానంటావా?" అని మెల్లగా అడిగి, శరణు చెప్పి, మాల తీశారు. మెడ బోసిగా అనిపించింది.

మర్నాడు చంద్రయ్య అరటిపళ్ళు తెచ్చాడు. సైటు కబుర్లు చెబుతూ అలవాటుగా పెట్టె తీసి ఒకటి నా వైపు చాచాడు.

"మాల తీసిన్రు కద సుబ్బరాయుడన్నా, ఇగ ఫికరేముంది? తీస్కో."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. పొగాకు వాసనకు నా నోట్లో నీళ్ళూరాయి.

"వద్దు చంద్రయ్యా."

"ఏం, ఇంకో దీక్ష పట్టినవా?"

ఇన్నేళ్ళూ 'మాలలో ఉన్నాను' అంటే సరిపోయేది. ఎవరూ మారు మాట్లాడేవారు కాదు. ఇప్పుడు చెప్పడానికి ఏమీ లేదు.

"లేదు. తాగను, అంతే."

"మరి రేపు?"

"రేపు మళ్ళీ అడుగు."

అతను నా కాలి కట్టు వైపు చూసి, పెట్టె జేబులో పెట్టుకొని గల్లీలోకి వెళ్ళాడు. కాసేపటికి అతని సిగరెట్టు పొగ లోపలికి రాసాగింది. కిటికీ మూయమని ఓబులమ్మను పిలిచాను.